పసిబిడ్డ ప్రాణం: నిమిషం యంత్రానిది, నిర్ణయం మనది

అల్లాహ్ మనకు అప్పగించిన అమానతులలో సంతానం అత్యంత సున్నితమైనది. ధనం విషయంలో జరిగిన నష్టాన్ని కాలక్రమంలో పూడ్చుకోవచ్చు. ఒక రాత్రి ఆలస్యం వల్ల చేజారిన పసివాడి ప్రాణాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేము. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళు నిండకుండానే కన్నుమూసిన పిల్లలు 49 లక్షల మంది. 1990లో ఈ సంఖ్య కోటీ 20 లక్షలకు పైగా ఉండేది. టీకాలు, పరిశుభ్రమైన నీరు, తల్లుల చదువు, ఆరోగ్య కార్యకర్తల శ్రమ ఈ తగ్గుదలకు సాధనాలయ్యాయి. అల్‌హమ్దులిల్లాహ్! అయినా 49 లక్షలంటే చిన్న సంఖ్య కాదు. వీరిలో ఎందరో నిమోనియా, నీళ్ళ విరేచనాలు, మలేరియా వంటి వ్యాధులకు బలైనవారే.

ఈ వ్యాధులకు మందులు లేవా? ఉన్నాయి. ఖరీదైనవి కూడా కావు. విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, జింక్ మాత్రలు. నిమోనియాకు సరైన మోతాదులో అమాక్సిసిలిన్. మరి పిల్లలు ఎందుకు మరణిస్తున్నారు? ప్రమాదాన్ని సకాలంలో గుర్తించకపోవడం వల్ల, గుర్తించిన తర్వాత కూడా సకాలంలో కదలకపోవడం వల్ల. ఈ రెండింటిలో మొదటి లోపాన్ని సరిదిద్దటానికి నేడు ఆరోగ్య కార్యకర్తల చేతికి ఒక కొత్త సాధనం వచ్చింది. అదే సెల్‌ఫోను లేదా ట్యాబ్. అది ఏం చేయగలదు, ఏం చేయలేదు, అది తన పని తాను చేసిన తర్వాత మన బాధ్యత ఏమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

వరుస తప్పని ప్రశ్నలు

పల్లెల్లో, బస్తీల్లో జబ్బుపడిన బిడ్డను మొట్టమొదట చూసేది పిల్లల వైద్య నిపుణుడు కాదు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, లేదా చిన్న ఆరోగ్య కేంద్రంలోని నర్సు. వీరి కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1990వ దశకం మధ్యలో ఒక పద్ధతిని రూపొందించాయి. మన దేశం నవజాత శిశువుల సంరక్షణకు అందులో మరింత చోటు కల్పించి దానిని స్వీకరించింది. ఈ పద్ధతిలో తల్లి చెప్పిన ఒక్క లక్షణాన్ని పట్టుకొని మందు ఇవ్వరు. ముందుగా ప్రమాద సూచనలు చూస్తారు. బిడ్డ పాలు తాగగలుగుతున్నాడా? తాగినదంతా వాంతి చేసుకుంటున్నాడా? ఫిట్స్ వచ్చాయా? మత్తుగా పడి ఉన్నాడా? ఆ తర్వాత దగ్గు, విరేచనాలు, జ్వరం, చెవి నొప్పి, పోషణ, టీకాలు, ఇలా ఒక్కొక్కటిగా అడుగుతూ పోతారు.

దగ్గుతో వచ్చిన బిడ్డ విషయంలో ఈ పద్ధతికి ప్రాణం వంటిది ఒకటుంది. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు పొట్ట, ఛాతీ కదలికను చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరిని లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, 2 నుండి 12 నెలల వయసులో 50 లేదా అంతకు మించి, ఏడాది నుండి ఐదేళ్ళ వరకు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగమైన శ్వాస. ఎక్స్‌రే యంత్రం లేని చోట నిమోనియాను పట్టిచ్చే గుర్తు ఇదే.

పద్ధతి చక్కనిదే. కాని వరండాలో నలభై మంది తల్లులు నిలబడి ఉన్నప్పుడు ఏ కార్యకర్త అయినా ఏం చేస్తుంది? పుస్తకం అల్మారాలోనే ఉండిపోతుంది. ఊపిరి లెక్క ‘చూస్తే తెలుస్తుందిలే’ అన్న అంచనాగా మారుతుంది. జ్వరమన్న ప్రతి బిడ్డకూ ఒకే మందు చేతిలో పెట్టడం అలవాటవుతుంది. ట్యాబ్ సరిచేసేది ఈ అలవాటునే. బిడ్డ వయసు, బరువు, ఉష్ణోగ్రత నమోదు చేయనిదే అది ముందుకు కదలదు. ఊపిరి లెక్క అడుగుతుంది. సమాధానాలను బట్టి వ్యాధిని వర్గీకరిస్తుంది. బరువును బట్టి మందు మోతాదు చెబుతుంది. పెద్దాసుపత్రికి పంపవలసి ఉంటే ఆ మాట స్పష్టంగా తెరపై చూపుతుంది.

హదీసు శాస్త్రంతో పరిచయం ఉన్నవారికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. ముహద్దిసులు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు ఉల్లేఖకుల గొలుసులోని ప్రతి కొక్కేన్నీ పరీక్షించేవారు. నాలుగు కొక్కేలు గట్టిగా ఉన్నాయి గనుక ఐదవదాన్ని వదిలేద్దాం అనలేదు. ఒక మాట విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, ఒక ప్రాణం విషయంలో ప్రశ్నను దాటవేయడం ఎంత బరువైన విషయమో ఆలోచించండి.

ఆఫ్రికా నేలపై జరిగిన పరీక్ష

ఈ సాధనాలను ఎక్కువగా పరీక్షించింది సంపన్న దేశాలలో కాదు, ఆఫ్రికాలో. జనాభాలో అధిక సంఖ్యాకులు ముస్లింలైన బుర్కినా ఫాసో దేశం ఇందుకు ఒక ఉదాహరణ. అక్కడ స్విట్జర్లాండ్‌కు చెందిన టెర్ డెజోమ్ అనే బాలల సేవా సంస్థ ప్రభుత్వ ఆరోగ్య శాఖతో కలిసి పల్లెల ఆరోగ్య కేంద్రాలకు ట్యాబ్‌లు అందజేసింది. నర్సు కాగితపు రిజిస్టరుకు బదులు ట్యాబ్‌లోనే బిడ్డ పరీక్షను ఆది నుండి అంతం వరకు నడుపుతుంది. అదే దేశం 2016లో ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రభుత్వ కేంద్రాలలో వైద్యాన్ని ఉచితం చేసింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఖర్చు భయం తొలగితే తల్లి కేంద్రానికి వస్తుంది. వచ్చిన బిడ్డను సరిగా పరీక్షిస్తే ఆమె రాక సార్థకమవుతుంది. తల్లి గడప దాటి రాలేకపోతే ఎంత మంచి ట్యాబ్ అయినా బల్లపై వెలుగుతూ ఉండిపోవలసిందే.

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో, దారుస్సలామ్ నగరపు తొమ్మిది ఆరోగ్య కేంద్రాలలో, 2014 చివరి నుండి 2016 ఆరంభం వరకు మరొక పరిశోధన జరిగింది. జ్వరంతో వచ్చిన ఐదేళ్ళలోపు పిల్లలు మూడు వేలకు పైగా అందులో పాల్గొన్నారు. ట్యాబ్‌లోని ప్రశ్నలకు తోడు రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్‌ను, వేలి కొసన తీసిన రక్తపు బొట్టుతో చేసే కొన్ని పరీక్షలను జోడించారు. 2017లో ప్రచురితమైన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. మామూలు పద్ధతిలో చికిత్స చేసే చోట నూటికి 95 మంది పిల్లలకు యాంటీబయాటిక్ ఇస్తుండగా, ఈ సాధనంతో పరీక్షించిన చోట నూటికి 11 లేక 12 మందికే ఇచ్చారు. అలాగని పిల్లలు నష్టపోలేదు. పరీక్షలు జోడించని పాత సాధనంతో చికిత్స పొందిన పిల్లలలో వారం నాటికి నయం కానివారు నూటికి నలుగురు కాగా, ఈ సాధనంతో చికిత్స పొందిన వారిలో ఇద్దరు మాత్రమే.

అదే దేశంలోని ఎంబేయా, మొరొగోరో ప్రాంతాలలో 40 ఆరోగ్య కేంద్రాలలో 2021, 2022 సంవత్సరాలలో మరింత పెద్ద పరీక్ష జరిగింది. మామూలు కేంద్రాలలో నూటికి 70 మంది పిల్లలకు యాంటీబయాటిక్ రాయగా, సాధనం ఉన్న కేంద్రాలలో 23 మందికే రాశారు. పిల్లలు కోలుకోవడంలో వెనుకబాటేమీ కనిపించలేదు.

మన ఇళ్ళలో ఈ అంకెల గురించి గట్టిగా మాట్లాడుకోవలసి ఉంది. పిల్లవాడికి జలుబు చేసి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకుపోయి “ఒక సూది వేయండి, తొందరగా తగ్గాలి” అని అడిగేవారు ఎందరో! సూది వేయని డాక్టరును పని తెలియనివాడని అనుకుంటాం. మామూలు జలుబు, దగ్గు వైరస్ వల్ల వచ్చేవి. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేయని చోట పదే పదే వాడితే, నిజంగా అవసరమైన రోజున క్రిములు ఆ మందుకు లొంగని స్థితి వస్తుంది. అవసరం లేని మందు ఇవ్వకపోవడం కూడా చికిత్సే. “ఇంటికి తీసుకెళ్ళండి, ద్రవాలు తాగించండి, ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే రండి” అని చెప్పిన కార్యకర్తను మనం నమ్మాలి.

పూసలతో నేర్పిన పాఠం

సాధనమంటే తెరలూ మీటలే కానక్కరలేదు. మన తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980వ దశకం నుండి సేవ చేస్తున్నారు. ఊరి మంత్రసానులకు ఊపిరి లెక్కించడం నేర్పాలనుకున్నప్పుడు వారికి ఒక చిక్కు ఎదురైంది. చదువురాని ఆ స్త్రీలు యాభై వరకు లెక్కించలేరు. పది వరకు లెక్కించగలరు. అందుకని ఒక నిమిషపు ఇసుక గడియారాన్నీ పూసల వరుసలనూ ఒక చట్రంలో అమర్చారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక మొత్తం జారకముందే ఎర్ర పూస దాకా వస్తే అది నిమోనియా. మన చేతిలోని తస్బీహ్ వంటి పూసలే అక్కడ పిల్లల ప్రాణాలకు కాపలా కాశాయి.

ఆ జిల్లాలోనే ఊరి స్త్రీలకు శిక్షణనిచ్చి నవజాత శిశువులకు ఇంటివద్దే సంరక్షణ అందించినప్పుడు, మూడవ సంవత్సరానికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. ఆ అనుభవమే ఆధారంగా 2011 నుండి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతి ఏర్పడింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు వస్తారు. ఇంటివద్ద కాన్పయితే మొదటి రోజున కూడా కలుపుకొని ఏడుసార్లు.

పూసలైనా, ట్యాబ్ అయినా పని ఒక్కటే: చూసేవారి కన్ను బిడ్డ ఛాతీపై ఒక నిమిషం నిలిచేలా చేయడం. కన్ను అక్కడ నిలవకుండా తోచిన అంకెను నొక్కితే ట్యాబ్ కూడా తప్పే చెబుతుంది. బిడ్డను చూడవలసినది మనిషే.

మన రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో యునిసెఫ్ సహకారంతో ఏఎన్‌ఎంలకు ‘అన్మోల్’ అనే యాప్ ఉన్న ట్యాబ్‌లు ఇచ్చారు. గర్భిణుల, పిల్లల వివరాలు, టీకాల తేదీలు అందులో నమోదవుతాయి. బరువైన రిజిస్టర్ల మోత తగ్గించడం దాని ఉద్దేశం. అయితే వివరాలు నమోదు చేసే సాధనం వేరు, పడక పక్కన నిలిచి చికిత్సకు దారి చూపే సాధనం వేరు. మొదటిది పై అధికారులకు లెక్క చెబుతుంది. రెండవది ఎదుటనున్న బిడ్డకు ఏం చేయాలో చెబుతుంది. బిడ్డకు రెండూ అవసరమే. కాని కార్యకర్త సమయమంతా మొదటిదానికే ఖర్చయితే రెండవదానికి మిగలదు. పగలు ఇంటింటికీ తిరిగి, రాత్రి కూర్చుని అవే వివరాలను కాగితంపైనా ఫోనులోనూ రెండుసార్లు ఎక్కించవలసి వస్తే ఆమె అలసటకు మూల్యం చెల్లించేది మన పిల్లలే. పాలకులు గుర్తించవలసిన సంగతి ఇది.

నిమోనియా మరణాలను తగ్గించటానికి కేంద్ర ప్రభుత్వం 2019లో ‘సాన్స్’ పేరుతో ఒక కార్యక్రమాన్ని ఆరంభించింది. ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఊపిరి!

గడపలో నిలబడిన సోదరి

మదీనాలో హజ్రత్ రుఫైదా (రజి) క్షతగాత్రులకు సేవ చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (సల్లం) ఆమె గుడారంలోనే ఉంచారు. వైద్య సేవ చేసే స్త్రీకి మన చరిత్రలో ఉన్న గౌరవం అది. నేడు ఎండలో నడిచి మన గడప ముందు నిలబడే ఆశా కార్యకర్త ఏ మతానికి చెందినదైనా ఆ గౌరవానికి అర్హురాలే. ఆమె స్త్రీ గనుక పరదా పాటించే మన ఇళ్ళలో బాలింత గదివరకు నిస్సంకోచంగా రాగలదు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి బిడ్డను చూపించడం మన ధర్మం.

కొన్నేళ్ళ క్రితం పౌరసత్వ వివరాల సేకరణ గురించిన భయం వ్యాపించినప్పుడు దేశంలో కొన్నిచోట్ల ముస్లిం బస్తీలలో ఆరోగ్య కార్యకర్తలకు సైతం తలుపులు మూసుకున్నాయి. ఆ భయానికి కారణాలు లేవని మేము అనము. చేతిలో ఫోను పట్టుకొని పేర్లు, వయసులు అడిగేవారిని చూస్తే సంకోచం కలగడం సహజం. కాని తలుపు మూసినందువల్ల నష్టపోయేది టీకా అందని పసివాడు. అడగటానికి మనకు హక్కు ఉంది: “అమ్మా, ఈ వివరాలు ఎందుకు? ఎవరు చూస్తారు?” మర్యాదగా అడిగితే మర్యాదగానే చెబుతారు. కార్యకర్తలు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక ఇంటి రోగం వివరం ఆ ఇంటి రహస్యం. ఫోనులో ఉన్నా సరే అది అమానతే. పక్కింటివారికి చూపడం, బిడ్డ ఫొటోను అనుమతి లేకుండా ఇతరులకు పంపడం అమానత్‌కు ద్రోహం.

ఆ తర్వాతి గంట

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కార్యకర్త ఊపిరి లెక్కించింది. ట్యాబ్ ‘వెంటనే ఆసుపత్రికి’ అన్నది. ఇదంతా కొన్ని నిమిషాలలో తెలిసిపోయింది. ఆ తర్వాత మన ఇళ్ళలో ఏం జరుగుతోంది?

తల్లి వంటింటి గుమ్మంలో బిడ్డను ఎత్తుకొని నిలబడి ఉంటుంది. భర్త సౌదీలోనో, కువైట్‌లోనో డ్యూటీలో ఉంటాడు, ఫోను ఎత్తడు. అత్తగారు “తెల్లవారాక చూద్దాం” అంటారు. మామగారు ఇషా నమాజుకు వెళ్ళి ఇంకా రాలేదు. ఎవరో దమ్ చేయించమంటారు. మరొకరు ఆర్‌ఎంపీ చేత ఒక సూది వేయించి చూద్దామంటారు. యంత్రం కాపాడి ఇచ్చిన గంటను మనం మాటలతో ఖర్చు చేస్తాం.

దుఆ, ఖుర్ఆన్ పఠించి ఊదడం ధర్మసమ్మతమైనవే. వాటిని మేము తక్కువ చేయడం లేదు. వాటినే బోధిస్తూ మేము జీవితం గడుపుతున్నాము. కాని ప్రతి రోగానికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని బోధించి, చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్తే (సల్లం). ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన మనకు తెలిసినదే. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి అందక తల్లడిల్లే బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చోవడం తవక్కుల్ కాదు. బిడ్డను బండి ఎక్కించి, దారి పొడుగునా దుఆ చేయండి. రెండూ ఒకేసారి చేయవచ్చు.

కాబట్టి కుటుంబ పెద్దలను మేము కోరేది ఒక్కటే. అనుమతి ముందుగానే ఇచ్చి ఉంచండి. గల్ఫ్‌లో ఉన్న సోదరుడు ఈ శుక్రవారమే ఇంటికి ఫోను చేసి, “బిడ్డకు ప్రమాదమని ఆశా అక్క చెబితే నా కోసం ఆగవద్దు, వెంటనే బయలుదేరు” అని భార్యకు, తల్లికి వినబడేలా చెప్పాలి. కొంత డబ్బు అందుకోసమే విడిగా ఉంచాలి. 108 అంబులెన్సుకు ఫోను చేయడం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అంబులెన్సు ఆలస్యమయ్యే ఊరైతే, రాత్రిపూట పిలిస్తే పలికే ఒక ఆటో వ్యక్తి నంబరు గోడపై రాసి ఉండాలి. ఇమాములు జుమా ప్రసంగంలో ఈ విషయాన్ని ఒక్కసారైనా ప్రస్తావిస్తే ఎన్నో ఇళ్ళకు చేరుతుంది.

ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసినవి

• బిడ్డ పాలు తాగలేకపోవడం, తాగినదంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్ రావడం, లేపినా లేవనంత మత్తుగా ఉండటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి, పగలు అని చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

• దగ్గుతో పాటు ఊపిరి వేగంగా ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా ఆలస్యం చేయరాదు.

• రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు తాగడం తగ్గినా ఇంటి వైద్యంతో గడపరాదు.

• విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తాన్ని దానిపై రాసి ఉన్నంత పరిశుభ్రమైన నీటిలో ఒకేసారి కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. జింక్ మాత్రలను కార్యకర్త చెప్పిన మోతాదులో, విరేచనాలు ఆగినా సరే, 14 రోజులు పూర్తిగా వేయాలి. తల్లిపాలు ఆపరాదు.

• అడిగి సూది వేయించుకోరాదు. వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను మధ్యలో ఆపరాదు.

ఒక ప్రాణాన్ని కాపాడటం యావత్ మానవాళిని కాపాడటం వంటిదని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. ఆ పుణ్యంలో నర్సుకు భాగముంది, ఆశా కార్యకర్తకు భాగముంది, ఆ సాధనాన్ని తయారుచేసినవారికీ భాగముంది. తలుపు తెరిచిన అత్తగారికి, ముందుగానే అనుమతినిచ్చిన తండ్రికి, అర్ధరాత్రి ఆటో తీసిన పొరుగువాడికి కూడా అల్లాహ్ దగ్గర అందులో భాగం ఉంటుందని ఆశిద్దాం. మన పసిబిడ్డలను అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! వారి విషయంలో మనల్ని జాగ్రత్తపరులుగా చేయుగాక! ఆమీన్.